నాన్న చేస్తే సాయం, నేను చేస్తే దళారీతనమా?

తిరుపతి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేర్లు, వీధి, ఇంటి ఆనవాళ్లు తీసేసి, ఆమె చెప్పిన విషయం మారకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. భర్త ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. కూతురు పెళ్లయి బెంగళూరులో ఉంటోంది. కొడుక్కి ఇరవై ఆరేళ్లు. ఇంజినీరింగ్ చదివి, చెన్నైలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అది పోయాక ఇంటికి వచ్చేశాడు. ట్రావెల్స్ పెట్టానన్నాడు. ఆఫీసు లేదు, కారు లేదు, ఫోను మాత్రం ఉంది. అర్ధరాత్రి దాటేదాకా హిందీలోనో తమిళంలోనో మాట్లాడుతూనే ఉంటాడు. మెల్లగా ఇంటికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాడు. పాత ఫ్రిజ్ మార్చాడు. తల్లి కుడికంటికి శుక్లం ఆపరేషన్ దగ్గరుండి చేయించాడు, ఖర్చంతా తనే పెట్టుకున్నాడు.

ఒకరోజు మనవరాలి ఫొటో చూద్దామని వాడి ఫోను తీసుకుంటే, గ్యాలరీ నిండా ముక్కూ మొహం తెలియనివాళ్ల ఆధార్ కార్డులు కనిపించాయి. కాంటాక్టుల్లో మనుషుల పేర్లు లేవు. ‘పుణె 6’, ‘సేలం 4’, ‘హుబ్బళ్లి 2, పాప’ అని ఉన్నాయి. అప్పటికీ ఆమెకు సంగతి పూర్తిగా అంతుపట్టలేదు. కొన్నాళ్లకు ఒక ఉదయం, భర్త వాకింగ్‌కు వెళ్లిన సమయంలో, ఒక కుటుంబం గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. షోలాపూర్ వాళ్లట. ఆరుగురికి తిరుమలలో బ్రేక్ దర్శనం, అంటే సిఫారసు లేఖ మీద మామూలు వరుస దాటి వెళ్లే దర్శనం, చేయిస్తానని కొడుకు పద్దెనిమిది వేలు తీసుకున్నాడు. దర్శనం కాలేదు, వాడి ఫోను పలకడం లేదు. ఒక ఆటో అతను ఇల్లు చూపించాడు. ‘అందరూ కోపంగా ఉన్నారు, ఒక ముసలావిడ తప్ప. అప్పటికే గుండు చేయించుకుని ఉంది, చందనం ఎండి చెవుల పక్కన పెచ్చులు కట్టింది. గడప మెట్టు మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. తాగి, గ్లాసు కడిగి ఇచ్చింది’ అని రాశారు. ఆమె లోపలికి వెళ్లి చీటీ డబ్బులోంచి పద్దెనిమిది వేలు తెచ్చి ఇచ్చి పంపేశారు. ఈ సంగతి భర్తకూ చెప్పలేదు, కొడుక్కీ చెప్పలేదు.

ఆ తర్వాత భర్తకు వేరే దారిలో తెలిసింది. వాకింగ్‌లో ఒక పాత సహోద్యోగి ‘మీవాడి దగ్గర లెటర్ దొరుకుతుందట కదా సార్, ఎంత తీసుకుంటాడు?’ అని అడిగాడట. ఆ రాత్రి భోజనాల దగ్గర గొడవైంది. ‘ఈ తరానికి సిగ్గూ లేదు, పాపభీతీ లేదు. దేవుణ్ని కూడా అమ్ముకుంటున్నారు’ అన్నారు ఆయన. కొడుకు తలెత్తి, ‘ఇన్నేళ్లూ మీరు తెప్పించిన లెటర్లు ఎన్ని నాన్నా? హైదరాబాదు పెదనాన్నకు, మీ ఆఫీసరుకు, ఆయన వియ్యంకుడికి. సైకిలు మీద వెళ్లి తెచ్చింది నేనే కదా. మీరు చేస్తే సాయం, నేను చేస్తే దళారీతనమా?’ అన్నాడు. ఆయన సగం అన్నంలో చేయి కడిగేసుకున్నారు. అప్పటినుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు.

ఇంతలో పుత్తూరు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగితే ‘ట్రావెల్స్ అని నువ్వే చెప్పు, నేను నోరు విప్పను’ అంటున్నారట భర్త. ఆమె అడుగుతున్నవి ఇవి: వాణ్ని ఇంట్లోంచి పంపేయాలా? పెళ్లివారికి ఏమని చెప్పాలి? వాడిచ్చిన డబ్బు హుండీలో వేస్తే దోషం పోతుందా? ఎడమకన్ను కూడా మసకేసింది, ఆ డబ్బుతో ఆపరేషన్ వద్దనుకుంటున్నాను, తప్పా? చివరగా, ‘మా చిన్నప్పుడు ఇలా లేదు. ఈ పిల్లలకు నీతి ఎందుకు లేకుండా పోయింది? మా పెంపకంలోనే లోపమా?’

అమ్మా,

మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు మీవారు జవాబు చెప్పకుండా కంచం ముందు నుంచి లేచిపోయారు. ఆ ప్రశ్న మాత్రం లేవలేదు, అక్కడే కూర్చుంది. దానికి జవాబు దొరికితే తప్ప మీ ఇంట్లో మరే మాటా ముందుకు సాగదు. కనుక పెళ్లిచూపులూ హుండీ తర్వాత, ముందు ఇది చూద్దాం.

తిరుపతిలో ఇల్లున్నవాళ్ల ఇబ్బంది బయటి ఊళ్లవాళ్లకు అర్థం కాదు. పదేళ్లుగా పలకరించని మేనత్త కొడుకు కూడా ‘కొండకు వస్తున్నాం’ అని ఫోను చేస్తాడు. గది, భోజనం, దర్శనం అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉంటాయి. కాదంటే ‘ఊళ్లో ఉండి ఈమాత్రం చేయలేరా’ అని నిష్ఠూరం. ఆ నిష్ఠూరం పడలేక వీధికొక పెద్దమనిషి లేఖలు తెప్పించడంలో చేయి తిరిగినవాడు అవుతాడు. మీవారు ఆ కోవకు చెందినవారే. ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. బహుశా ఆటో ఖర్చులు కూడా ఆయన జేబులోంచే పోయి ఉంటాయి. ఒక్క రూపాయి తినని మనిషిని పట్టుకుని, తిన్నవాడితో సమానం అన్నాడు కొడుకు. అన్నం సహించకపోవడంలో వింత లేదు.

అయినా ఆ మాటలో నిజం లేదని చెప్పలేను. లేఖ మీద ఒకరు ముందు వెళ్తే క్యూ కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నవాళ్లు అంతసేపు ఆగుతారు. ముందు వెళ్లినవారు డబ్బిచ్చి వెళ్లారా, ఆఫీసరుగారి వియ్యంకుడి హోదాలో వెళ్లారా అన్నది ఆగినవాళ్లకు ఒకటే. ఉచిత టోకెన్ కోసం విష్ణునివాసం దగ్గర, శ్రీనివాసం దగ్గర, అలిపిరి భూదేవి కాంప్లెక్స్ దగ్గర చంటిపిల్లలను భుజాన వేసుకుని నిలబడేవాళ్లను మీరు చూస్తూనే ఉంటారు. 2025 జనవరి 8 రాత్రి మీ ఊళ్లోనే వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. పలుకుబడి ఉన్నవారికి ఆ రాత్రి ఆ గేట్ల దగ్గర నిలబడాల్సిన అవసరం రాదు.

వరుసలో నిలబడటం ఎవరూ తెలియనివాళ్ల పని అనే పాఠం మీ అబ్బాయి ఫోను చూసో, చెన్నై వెళ్లో నేర్చుకోలేదు. పిల్లవాడిగా సైకిలు మీద వెళ్లి, మడత పెట్టిన కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చినప్పుడు నేర్చుకున్నాడు. తెచ్చినందుకు చుట్టాల ముందు ‘మావాడు చురుకైనవాడు’ అనిపించుకుని కూడా ఉంటాడు. పెంపకంలో లోపమా అని అడిగారు కదా. ఉన్న లోపం ఇంతవరకే. మీరు వాడికి అబద్ధం నేర్పలేదు, దొంగతనం నేర్పలేదు. పదిమందికి వర్తించే పద్ధతి మనకు వర్తించదని మాత్రం, నోటితో అనకుండానే నేర్పారు. మీ ఇంట్లో ఒక్కచోటే జరిగింది కాదిది, మన మధ్యతరగతి ఇళ్లన్నింటిలోనూ జరుగుతున్నదే.

అంతమాత్రాన వాడి వాదన నెగ్గిందనుకోకండి. తండ్రి చేసినదానికీ కొడుకు చేస్తున్నదానికీ మధ్య పెద్ద తేడా ఉంది, అది డబ్బు ఒక్కటే కాదు. మీవారు ఎన్నడైనా ఎవరికైనా దర్శనం గ్యారంటీ అని చెప్పారా? ‘అడిగి చూస్తాను, దొరికితే మీ అదృష్టం’ అని ఉంటారు. పద్ధతి కూడా అదే కదా. ప్రజాప్రతినిధి ఇచ్చిన లేఖను ముందురోజు కొండమీద కార్యాలయంలో ఇవ్వాలి. ఆ రోజు రద్దీని బట్టి, ఉన్న కోటాను బట్టి వాళ్లు మంజూరు చేయవచ్చు, చేయకపోవచ్చు. మంజూరైతే మనిషికి 500 రూపాయల టికెట్ కొనుక్కుని బ్రేక్ దర్శనానికి వెళ్తారు. లేఖకు ధర లేదు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి లాంటి రోజుల్లో అసలు సిఫారసు లేఖలే తీసుకోరు. అంటే మీ అబ్బాయి అమ్ముతున్న వస్తువు వాడి చేతిలో లేదు. మంజూరైన రోజు వాడి గొప్ప, కాని రోజు ఫోను స్విచాఫ్. షోలాపూర్ ముసలావిడ మీ మెట్టు మీద కూర్చోవడానికి కారణం ఇదే. దీన్ని ‘నాన్న చేశాడు, నేనూ చేశాను’ అనే మాట కింద దాచడానికి వీల్లేదు.

ఇంకొక సంగతి మీరు రాయలేదు. ఆ లేఖలు వాడికీ ఊరికే రావు. ఏదో ఒక కార్యాలయంలో ఎవరో ఒకరు వాటా తీసుకుంటూ ఉండాలి. మీవాడు పట్టుబడిన రోజున ఆ మనిషి ‘ఇతనెవరో నాకు తెలియదు’ అంటాడు. ఫోనులో ఆధార్ కార్డులు, ఖాతాలో యూపీఐ జమలు, కాల్ జాబితా, అన్నీ మీవాడి పేరు మీదే ఉంటాయి. నమ్మించి డబ్బు తీసుకుని మోసం చేయడం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ కిందకు వస్తుంది. ‘ఫోర్ ట్వంటీ’ అని మనమంతా తిట్టుగా వాడుకున్న పాత సెక్షన్ స్థానంలో వచ్చినదే. ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. దేవస్థానం విజిలెన్స్ వాళ్లు దళారులను పట్టి తిరుమల పోలీసులకు అప్పగించిన వార్తలు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. కేసంటూ నమోదైతే రేపు పాస్‌పోర్టు దగ్గరా, మంచి ఉద్యోగం వచ్చినా అక్కడ జరిపే విచారణలోనూ అది ఎదురొస్తూనే ఉంటుంది. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. ఇంట్లో అందరూ పాపం, పుణ్యం అని మాట్లాడుకుంటున్నారు గానీ ఈ లెక్క ఒకటి ఉందని ఎవరూ అనడం లేదు.

ఇప్పుడు మీవారి మాట, ‘ఈ తరం’.

ఈ గొలుసులో ఎవరెవరున్నారో ఒకసారి చూడండి. లేఖ ఇచ్చేవారికి ఇరవై ఆరేళ్లు ఉండవు. దాన్ని లోపలినుంచి అమ్మేవాడు కూడా పిల్లవాడు అయి ఉండడు. డబ్బు పంపి ‘మాకు త్వరగా అయిపోవాలి’ అనే పుణె ఆసామి ఏ యాభై ఏళ్లవాడో, ఇంట్లో పిల్లలకు నీతికథలు చెప్పేవాడో అయి ఉంటాడు. వాకింగ్‌లో ధర అడిగిన సహోద్యోగి కూడా రిటైరైన మాస్టారే కదా! ఆయనకు సిగ్గేయలేదు, మీవారికి వేసింది. ఇంతమంది పెద్దవాళ్ల మధ్య కుర్రవాడు ఒక్కడు, వాడి మీదే మొత్తం తరం అప్రతిష్ఠ పడింది. అదే వయసు పిల్లలు శ్రీవారి సేవకులుగా సెలవు పెట్టుకుని వచ్చి క్యూలో ఉన్నవాళ్లకు నీళ్లు, అన్నం అందిస్తుంటారు. 2000లో మొదలైన ఆ సేవకు ఇంజినీర్లూ వస్తున్నారు. ఈ పోలిక వాడి దగ్గర మాత్రం తేకండి, ఇంకా మొండికేస్తాడు. మీవారి కోసం చెబుతున్నాను.

మీ చిన్నప్పుడు ఇలా లేదన్నది నిజమే. అప్పుడు కొండకు ఇంతమంది వచ్చేవారు కాదు. ఇప్పుడు రోజుకు అరవై, డెబ్బై వేలమంది వస్తున్నారు, రోజుకు గంటలు మాత్రం ఇరవై నాలుగే. దొరకనిదానికి ధర పుడుతుంది, ధర పుట్టినచోట దళారి పుడతాడు. మనుషులు చెడ్డవాళ్లు కావడానికి ముందే ఇది జరిగిపోతుంది.

అయితే ఒకటి మాత్రం నిజంగా మారింది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మీవారు మాట ఇచ్చిన ప్రతివాడూ ఆయనకు మళ్లీ ఎదురుపడేవాడే. పెళ్లిలోనో, కర్మంతరంలోనో, బస్టాండులోనో. మాట తప్పితే ఆ కళ్లలోకి చూడాలి. ఆ మొహమాటమే చాలా ఇళ్లలో నీతి పని చేసింది, మనం దానికి పెద్దపెద్ద పేర్లు పెట్టుకున్నాం. మీ అబ్బాయికి ఎదురుపడేవాడు లేడు. వాడికి ఉన్నది ‘పుణె 6’. ఊరి పేరూ తలల లెక్కా. ఆ ఆరులో ఒకరికి మోకాళ్ల నొప్పి అని గానీ, ఇంకొకరు మొక్కు కోసం ఏడాదిగా డబ్బు దాచారని గానీ ఆ పేరులో ఎక్కడా కనబడదు. వాడు క్రూరుడైతే మీ కంటి ఆపరేషన్‌కు పక్కన కూర్చునేవాడు కాదు. కనబడినవాళ్ల విషయంలో మంచివాడు, కనబడనివాళ్ల విషయంలో లెక్కలేనివాడు. ఈ జబ్బు వాడి తరానికి ఎక్కువగా ఉందంటే నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే వాళ్ల వ్యవహారాలన్నీ కనబడని మనుషులతోనే.

మీరు ఇక్కడే ఒక పని చేశారు, దాని గురించి కాస్త కఠినంగా చెప్పాలి. షోలాపూర్ వాళ్లకు డబ్బిచ్చి పంపేశారు. అది దయే, ఆ ఉదయం మరో పని చేయడానికి మీకు మనసొప్పి ఉండదు. తర్వాత ఇద్దరికీ చెప్పకుండా దాచారు. దానివల్ల, మీ అబ్బాయికి ఒక్కసారి నిజమైన మనిషి ఎదురుపడే అవకాశం వచ్చి పోయింది. వాళ్లు విసుగెత్తి వదిలేశారనుకుంటున్నాడు. ఫోను ఆపేస్తే సరిపోతుందని వాడికి ఇంకాస్త నమ్మకం కుదిరింది.

ఇక మీ ముందున్న దారులు.

ఒకటి, మీవారికి మనసులో ఉన్నది: ఇంట్లోంచి వెళ్లమనడం. వీధిలో మీ తల ఎత్తుకునే ఉంటుంది. వాడు మాత్రం బస్టాండు పరిసరాల్లో ఏ గదిలోనో నలుగురితో కలిసి ఉంటాడు. అద్దె కట్టాలి కనుక ఇంకా ఎక్కువ లేఖలు కావాలి. ఇప్పుడు తండ్రి చూస్తాడన్న బెరుకైనా ఉంది, అప్పుడు అదీ ఉండదు. చేతిలో వేరే సంపాదన ఉన్న కొడుకైతే ఈ దారి గురించి ఆలోచించవచ్చు. మీవాడి విషయంలో, ఇంకేదీ పనిచేయనప్పుడు చూడాల్సినది ఇది.

రెండు, ఇప్పుడు జరుగుతున్నదే: ఎవరి గదిలో వాళ్లు తినడం. చూడటానికి ఏ నష్టమూ లేనట్టు ఉంటుంది. డబ్బు వస్తుంది, ఫ్రిజ్ పనిచేస్తుంది. కానీ మౌనం అంటే వాడి దృష్టిలో అంగీకారమే. ‘నాన్న దగ్గర జవాబు లేదు’ అని రోజూ వాడికి రుజువవుతూ ఉంటుంది. ఇంకో ఉదయం ఇంకో కుటుంబం గేటు దగ్గరకు వస్తుంది. మీ చీటీ డబ్బు ఎన్నిసార్లని సరిపోతుంది?

మూడో దారి మీవారి చేతిలో ఉంది, ఆయనకు అన్నిటికంటే కష్టమైనది. ‘నువ్వడిగినదాంట్లో సగం నిజం. ఇకనుంచి నేను ఎవరికీ లేఖ అడగను’ అని కొడుకుతో అనడం. క్షమాపణ అక్కర్లేదు, ఉపన్యాసం అసలే వద్దు. ఆ తర్వాత నిజంగానే మానేయడం. దీనికి మూల్యం ఉంటుంది. హైదరాబాదు పెదనాన్నకు కోపం వస్తుంది, పాత ఆఫీసరు ముభావంగా మాట్లాడతాడు. వాళ్లకు చెప్పాల్సిన మాటలు ఎన్నో ఉన్నాయి: 300 రూపాయల టికెట్లు దేవస్థానం వెబ్‌సైట్‌లో ముందుగానే విడుదలవుతాయి, అరవై ఐదేళ్లు దాటినవాళ్లకు వేరే కోటా ఉంది, ఏడాదిలోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ద్వారం నుంచి పంపిస్తారు, ఏదీ దొరకకపోతే తిరుపతిలోనే ఉచిత టోకెన్ తీసుకోవచ్చు. ‘గది, భోజనం మా ఇంట్లో, దర్శనం మీ ఓపిక’ అనండి. ఒక ఏడాది నిష్ఠూరాలు పడితే తర్వాత అడగడమే మానేస్తారు.

ఇలా చేస్తే కొడుకు మారిపోతాడా? చెప్పలేను. ‘ఇన్నాళ్లూ మీరు వాడుకుని, నా సంపాదన మొదలయ్యాక నీతులా’ అని కూడా అనవచ్చు. అంటే అననివ్వండి. ఆయన ఏ చోటు నుంచి కొడుకును మందలించాలనుకుంటున్నారో ఆ చోటికి ముందు ఆయన చేరాలి కదా. ఇప్పుడు ఆయన ‘డబ్బు తీసుకోకు’ అని మాత్రమే అనగలరు. లేఖ మానేశాక ‘వరుసలో నిలబడ్డవాణ్ని తొక్కి వెళ్లొద్దు’ అనగలరు. పెద్ద మాట అదే.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా ముందు ఒక పని మీరే చేయాలి, అది మీవారితో సంబంధం లేకుండా ఈ వారమే చేయవచ్చు. షోలాపూర్ సంగతి ఇద్దరికీ ఒకేసారి, ఒకేచోట చెప్పండి. కొడుకుతో ఇంతే అనండి: ‘ఆ పద్దెనిమిది వేలు నా చీటీ డబ్బు. అది నాకు నువ్వు బాకీ. ఆ పెద్దావిడకు నువ్వే ఫోను చేసి మాట్లాడాలి, నా ముందు.’ దేవుణ్నీ పాపాన్నీ తీసుకురాకండి, ఏడవకండి. గ్లాసు కడిగి ఇచ్చిన సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి. వాడు కాసేపు గింజుకుంటాడు, హిందీలో రెండు ముక్కలు గొణిగి పెట్టేస్తాడు. అయినా సరే. ‘షోలాపూర్ 6’ ఒకసారి మనిషై మాట్లాడుతుంది. తర్వాత, ఫోనులో ఉన్న ఆధార్ ఫొటోలన్నీ చెరిపేయమనండి. ఇంకా ఎవరికైనా డబ్బు తీసుకుని దర్శనం చేయించకుండా ఉంటే ఆ జాబితా రాయించి, నెలకు ఒకరిద్దరికైనా తిరిగి పంపించమనండి. అందరికీ ఒకేసారి ఇవ్వడం వాడివల్ల కాకపోవచ్చు.

సంపాదన సంగతి వాడు తప్పకుండా అడుగుతాడు, అడగాలి కూడా. లేఖల మాట పక్కనపెడితే వాడి దగ్గర నిజమైన సరుకు ఉంది. మూడు భాషలు వచ్చు, రైలు దిగిన యాత్రికుడికి ఎక్కడ ఏమి తెలియదో వాడికి తెలుసు. తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, అప్పలాయగుంట, నారాయణవనం, శ్రీకాళహస్తి, కాణిపాకం తిప్పి చూపించడం, బండి, గది, భోజనం ఏర్పాటు చేయడం, ఏ దర్శనానికి ఎలా నమోదు చేసుకోవాలో వాళ్ల చేతే అధికారిక సైట్‌లో చేయించడం, ఇవన్నీ పగటిపూట చేయగలిగిన పనులు. మొదట్లో ఎవరి బండైనా కమీషను మీద మాట్లాడుకోవచ్చు, కుదురుకున్నాక ముద్ర రుణం సంగతి బ్యాంకులో అడగవచ్చు. ఇప్పుడు వస్తున్నదాంట్లో మూడో వంతు కూడా మొదట రాకపోవచ్చు. ఈ మాట వాడికి ముందే చెప్పండి, రెండో నెలలో నీరసపడి పాతదారి పట్టకుండా ఉండటానికి. లేదూ, చదివిన చదువుకు తగ్గ ఉద్యోగమే వెతుక్కుంటానంటే ఆరు నెలలు అన్నం పెట్టడం మీకు భారం కాదు. మీవారి పింఛను ఉంది.

పుత్తూరు సంబంధం గురించి. ‘ట్రావెల్స్’ అని మీ చేత చెప్పించి తాను నోరు విప్పనంటున్నారు మీవారు. అబద్ధం ఆయన చెప్పినట్టు కాకుండా, చెప్పిన ఫలితం మాత్రం దక్కేలా! ఇందులో ఆయన్ను నేను సమర్థించలేను. పైగా పుత్తూరు ఎంత దూరం? అమ్మాయి మేనమామ ఒక్కపూట వచ్చి మీ వీధి చివర టీ కొట్టులో కూర్చుంటే చాలు. అన్నీ చెప్పేయడం ఒక దారి. సంబంధం పోవచ్చు, వీధిలో మాట పాకవచ్చు, ఇంకా దిద్దుకోని తప్పుకు ముందే ముద్ర పడుతుంది. రెండోది, ‘అబ్బాయి పని ఇంకా కుదురుకోలేదు, కొన్ని నెలలు ఆగితే మేమే కబురు చేస్తాం’ అనడం. ఇందులో అబద్ధం లేదు. వాళ్లు ఆగకపోవచ్చు, మంచి పిల్ల చేజారవచ్చు. నాకైతే ఈ రెండోదే మేలనిపిస్తోంది. దాచి పెళ్లి చేస్తే, ఈసారి ఎవరైనా తలుపు తట్టినప్పుడు గేటు తీసేది కొత్తకోడలు. ఆమెకు చీటీ డబ్బు కూడా ఉండదు.

హుండీ. అందులో వేసిన డబ్బు స్వామికి చేరుతుందేమో గానీ షోలాపూర్‌కు చేరదు. ఎవరి దగ్గర తీసుకున్నది వాళ్లకు తిరిగి వెళ్లాలి. వాళ్లందరికీ ఇచ్చేశాక ఏమైనా మిగిలితే అప్పుడు ఆలోచించవచ్చు, మిగులుతుందని నేననుకోను. ఫ్రిజ్‌ను మాత్రం బయట పారేయకండి, దాని ధర కూడా బాకీల జాబితాలో కలుపుకోండి, చాలు.

ఎడమకన్ను విషయంలో మీరు తప్పుగా ఆలోచిస్తున్నారు. ఆ డబ్బు వద్దనుకోవడం మీ ఇష్టం, ఆపరేషన్ వద్దనుకోవడానికి అది కారణం కాదు. మీవారు రిటైరైన ప్రభుత్వ ఉపాధ్యాయులు కనుక ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉండాలి, భార్యగా అందులో మీ పేరూ ఉంటుంది. ఆ కార్డు మీద ఏయే ఆసుపత్రుల్లో చేస్తారో ముందు కనుక్కోండి. కుదరకపోతే తిరుపతిలోనే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడ డబ్బు కట్టగలిగినవారికీ లేనివారికీ వేర్వేరు విభాగాలున్నాయి. శుక్లం బాగా ముదిరేదాకా ఆగితే ఆపరేషన్ కష్టమవుతుంది. వచ్చే వారమే వెళ్లి చూపించుకోండి, మీవారిని వెంటబెట్టుకుని.